గాజు పలక మీద నీటిబొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ ఈ మాట నలుగురిలో అంటే ఒళ్ళు మండేది. ఇప్పుడు నా అంతట నేనే చెబుతున్నాను, ఎందుకంటే ఆ కోపం వల్ల ఒక మనిషికి రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. ఆయన దొంగతనం చేయలేదు, పని ఎగ్గొట్టలేదు. గాజు పలకలు కడిగాడు, అంతే. నేను వాటి మీద నీటిబొట్లు పెట్టి కొలిచాను.

డెబ్బైల చివర్లో విశాఖపట్నం ఓడరేవుకు దగ్గరగా ఒక చిన్న పరిశోధనశాల ఉండేది. ఇప్పుడది లేదు, ఆ మేడా లేదు. అందుకని పేరు చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మొత్తం నాలుగు గదులు. కిటికీలు తెరిస్తే ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి బల్లల మీద కూర్చునేది, మూస్తే ఉక్కతో ప్రాణం పోయేది. ఓడలకీ, ఇనుప దూలాలకీ వేసే రంగు ఉప్పుగాలికి ఎందుకు పెచ్చులూడిపోతోందో కనిపెట్టడం మా పని. రంగులో నూనెతోపాటు మెత్తటి మట్టిపొడి కూడా కలుపుతారు. ఆ పొడికి నూనె ఇష్టమా, నీళ్ళు ఇష్టమా అన్నదాన్ని బట్టి రంగు పదేళ్ళు ఉంటుందో, రెండు వానలకే రాలిపోతుందో తేలుతుంది. ఎమ్మెస్సీ చదివి విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన నాకు మొదట ఇదంతా పిల్లలాటలా అనిపించింది. మట్టికి ఇష్టాయిష్టాలేమిటి అని నవ్వుకున్నాను. ఆర్నెల్లు తిరిగేసరికి నిద్రలో కూడా అదే ధ్యాస అయింది.

పని చెప్పడానికి చాలా తేలిక. చేమాకు మీద నీళ్ళు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. శుభ్రంగా తోమిన గాజు మీద పోస్తే పరుచుకుంటాయి. గాజు పైపొర నీటిని తనవైపు లాక్కుంటుంది, చేమాకు లాక్కోదు. ఆ లాగే శక్తి ఎంతో తెలియాలంటే ఒక చిన్న బొట్టు పెట్టి, అది పలకను తాకే చోట ఎంత కోణంలో నిలబడిందో దుర్భిణిలోంచి చూసి రాసుకోవాలి. బొట్టు పరుచుకుంటే కోణం తక్కువ, ఉబ్బి కూర్చుంటే ఎక్కువ. నీళ్ళతో ఒకసారి, గ్లిజరిన్‌తో ఒకసారి, ఇంకో నూనెతో ఒకసారి. ఫ్యాను వేయకూడదు, బొట్టు వణుకుతుంది. ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలాలి. మే నెలలో విశాఖపట్నంలో తలుపులేసుకుని, ఫ్యాను కట్టేసుకుని బొట్లు చూస్తూ కూర్చున్న వాళ్ళకి కోపం రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే కాదు.

రెండో పని పొడిలోని పులుపు కొలవడం. పులుపంటే నాలుకకి తెలిసేది కాదు. కొన్ని మట్టి పొడులకి పైపొరలోనే ఆమ్లగుణం ఉంటుంది. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడినట్టు, ఒక పసుపుపచ్చ రంగు బొట్టు ఆ పొడి మీద వేస్తే అది ఎర్రబడుతుంది. తర్వాత క్షారగుణం ఉన్న ఒక ద్రవాన్ని చుక్క చుక్కగా కలుపుతూ పోవాలి. ఆ ఎరుపు పోయి మళ్ళీ పచ్చబడిందంటే పొడిలో ఉన్న పులుపంతా తీరిపోయిందని లెక్క. ఎన్ని చుక్కలు పట్టాయో అంత పులుపు. ఆ ద్రవం బ్యూటైల్ ఎమీన్, కుళ్ళిన చేపల కంపు కొట్టేది. సాయంత్రం సిటీ బస్సులో నేనెక్కితే పక్కన కూర్చున్న వాళ్ళు మెల్లగా లేచి వెనక్కి పోయేవాళ్ళు. ఒకసారి కండక్టరు, "ఏటమ్మా, జాలారిపేట నుంచా?" అని అడిగాడు. బాగానే నవ్వుకున్నాను గాని, ఇంటికొచ్చి తలస్నానం చేసినా కంపు పోయేది కాదు.

మా పై అధికారి అంతకుముందు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. అందుకని అందరం మాస్టారు అనే పిలిచేవాళ్ళం. ఇక గాజు పలకలు కడగడం, మట్టి నూరడం, జల్లెడ పట్టడం, పొయ్యిలో ఎండబెట్టడం అన్నీ చేసేది ఒకాయన. యాభై దగ్గర పడ్డ మనిషి, సన్నగా, చేతులు మాత్రం పెద్దవి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఉండేవాడు. నేనాయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేవాడు, నేను కోప్పడ్డప్పుడు మాత్రం మేడమ్‌గారూ అని సాగదీసి ఉడికించేవాడు.

బాబాయ్ చదివింది మూడో తరగతో నాలుగో. కానీ పలక శుభ్రపడిందో లేదో ఆయనకు దుర్భిణి అక్కర్లేకుండానే తెలిసేది. క్రోమిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న చిన్న పటకారు లాంటి చిమటాతో తీసి, ఆవిరి చేసి చల్లార్చిన శుద్ధమైన నీళ్ళతో కడిగి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసేవాడు. నీళ్ళు ఎక్కడా చీలకుండా పొరలా జారితే, "ఇది ఒప్పుకున్నాదమ్మా" అనేవాడు. చీలిందంటే, "ఇదింకా అలిగే ఉన్నాది" అని మళ్ళీ యాసిడ్‌లో పడేసేవాడు. మా మాస్టారు ఢిల్లీ నుంచి తెప్పించిన పుస్తకాల్లో ఉన్నదీ ఇదే. కాకపోతే వాళ్ళు ఇంత బాగా చెప్పలేదు.

ఆయన మస్టర్ రోల్ మీద పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాడు. అంటే వచ్చిన రోజుకే కూలీ, రాకపోతే ఏమీ లేదు. పదకొండేళ్ళకి ఒక అటెండరు పోస్టు మంజూరయ్యే సూచన కనబడింది. మా పరిశోధన రిపోర్టు పై ఆఫీసుకి వెళ్ళి వాళ్ళకి నచ్చితే, కొత్త పోస్టుల్లో అదొకటి వస్తుంది. మాస్టారు బాబాయ్ పని సంతృప్తికరం అని సంతకం పెడితే అది ఆయనదే. ఈ సంగతి ఆయన రోజుకి నాలుగుసార్లయినా ఎత్తేవాడు. "పర్మనెంటైపోతే మరి రెండు గదులిల్లు తీసుకుంటానమ్మా. మా ఇంటిది పట్టాల మీద బొగ్గేరతాది. ఇంక దాన్ని ఎల్లనివ్వను" అనేవాడు. అందుకే మా రిపోర్టులో ఏ అంకె ఎలా వచ్చిందో నాకంటే ఆయనకే ఎక్కువ ఆతృత. నేను కోణం చూసి అంకె రాయగానే వెనకనుంచి, "బాగున్నాదేటమ్మా?" అని అడిగేవాడు.

శుక్రవారం పూజ మొదలుపెట్టింది నేనే. రిపోర్టు పంపాల్సిన ఏడు వాక్యూమ్ పంపు వారానికోసారి మొరాయిస్తుంటే, నేనుంటున్న ఇంట్లో మా పిన్ని చెప్పిందని, పంపుకీ పొయ్యికీ దుర్భిణికీ కుంకుమ బొట్లు పెట్టి హారతి ఇవ్వడం మొదలుపెట్టాను. పంపు బాగుపడిందా అంటే, పడినట్టే అనిపించింది. ఎమ్మెస్సీ చదివినదానివి, నీకిదేమిటని మాస్టారు ఎగతాళి చేసేవారు గాని, హారతి పళ్ళెం ముందుకొస్తే ఆయనా కళ్ళకద్దుకునేవారు. బాబాయ్ పూర్ణా మార్కెట్ నుంచి పూలు తెచ్చేవాడు. కర్పూరం నా వంతు. నెలకి సరిపడా ఒకేసారి కొని, కాగితం పొట్లంలో బీరువాలో పెట్టేదాన్ని.

ఆ బీరువా గురించి చెప్పాలి. సముద్రపు చెమ్మకి దుర్భిణి కటకాలు బూజు పట్టకుండా అందులో ఒక అరవై క్యాండిల్ బల్బు రాత్రీ పగలూ వెలుగుతుండేది. చేత్తో తాకితే బీరువా తలుపు గోరువెచ్చగా ఉండేది. కడిగిన పలకలూ, ఎండబెట్టిన మట్టి పొడులూ అన్నీ అందులోనే. గదంతటికీ పొడిగా ఉండే చోటు అదొక్కటే కాబట్టి కర్పూరం కూడా అక్కడే పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా ఘుమ్మని వాసన వచ్చేది. చేపల కంపుతో తల తిరిగినప్పుడు పనేం లేకపోయినా వెళ్ళి బీరువా తెరిచి ఒక నిమిషం నిలబడేదాన్ని. ఒక్కోసారి పొట్లం చూస్తే పెట్టినదాంట్లో సగమే ఉండేది. బాబాయే ఇంటికి పట్టుకుపోతున్నాడనుకున్నాను. పోన్లే, కర్పూరమే కదా అని నోరు మూసుకున్నాను. చూశారా, అప్పటికే నా మనసులో ఆయన మీద ఒక మచ్చ వేసి పెట్టాను.

రిపోర్టు పంపడానికి అయిదు నెలలుందనగా అంకెలు పాడవడం మొదలైంది. కడిగిన గాజు మీద నీళ్ళు పరుచుకోవాలి కదా, పరుచుకోవడం లేదు. బొట్టు ఉబ్బి కూర్చుంటోంది. అదే మట్టిపొడి, పోయిన నెల ఎన్నో చుక్కలు తాగింది, ఈ నెల నాలుగు చుక్కలకే పచ్చబడిపోతోంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ద్రవాలు మార్చాను, దుర్భిణి విప్పి బిగించాను, పొడిని మళ్ళీ కొత్తగా నూరించాను. రెండు రోజులు బాగుండేది, తర్వాత మళ్ళీ మామూలే. పై ఆఫీసు నుంచి పెద్దలు వచ్చి చూసే రోజు దగ్గర పడుతోంది. మాస్టారు రోజూ వచ్చి నా నోట్‌బుక్ తిరగేసి, చెడిన అంకెల కింద పెన్సిల్ గీత గీసి వెళ్ళిపోయేవారు. ఆ గీతే నాకు తిట్టులా ఉండేది.

ఒకరోజు పొద్దున్న కాస్త ముందు వచ్చాను. వెనక కుళాయి దగ్గర బాబాయ్ అరచేతులు ఎదురుగా పెట్టుకుని చూసుకుంటున్నాడు. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పగిలి ఉంది. చేతుల నిండా ఆముదం మెరుస్తోంది. యాసిడ్ పనికి చేతులు అలా అవుతాయని నాకు తెలుసు. మాకు రబ్బరు తొడుగులు ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు. కానీ ఆ క్షణంలో నాకు కనబడింది ఆ పుండ్లు కాదు, ఆ మెరుపు.

"ఈ నూనె చేతులతోనా పలకలు ముట్టుకుంటున్నావ్?" అని అరిచాను.

ఆయన గతుక్కుమన్నాడు. "లేదమ్మా. కుంకుడుకాయతో కడుక్కునీ మరీ ముడతాను. పలకల్ని సిమటాతోనే పడతాను కదమ్మా, నువ్వు సూత్తావు కదేటి?"

"కుంకుడుకాయకి పోతుందా ఆముదం? మూడు నెలలుగా నా బుర్ర తింటున్నది ఇదా?"

ఆయనింకేదో చెప్పబోయాడు. నేను వినలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. లోపలికెళ్ళి, ఒక మంచి పలక తీసి, నా వేలికి కాస్త ఆముదం రాసుకుని దాని మీద అద్ది, బట్టతో తుడిచి, నీటిబొట్టు పెట్టాను. బొట్టు ఉబ్బి కూర్చుంది. అచ్చం మూడు నెలలుగా కూర్చున్నట్టే. నా అంత తెలివైనది లేదనుకున్నాను. నూనె రాస్తే బొట్టు అలా కూర్చుంటుంది, నిజమే. కానీ బొట్టు అలా కూర్చున్న ప్రతిచోటా నూనె ఉన్నట్టేనా? కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకి చెప్పే పాఠం ఇది. అది ఆ రోజు నాకు గుర్తు రాలేదు. అసలు గుర్తు తెచ్చుకోవాలని కూడా నాకు లేదు.

మాస్టారు కారణం ఏమిటో కాగితం మీద రాసి ఇమ్మన్నారు. ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశాను. పలకలు శుభ్రం చేసే వ్యక్తి చేతుల నూనె వల్ల పైపొరలు చెడిపోయాయి, ఆ వ్యక్తికి తగినంత జాగ్రత్త లేదు, అని. రెండో వాక్యం ఎవరూ అడగలేదు. నా కోపం రాయించింది. మాస్టారు చదివి కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఇది ఫైల్లో పెట్టాక నేనింక అతని పని సంతృప్తికరం అని ఎలా రాస్తానమ్మా? ఆలోచించుకున్నావా?" అని అడిగారు. "ఉన్నదే రాశాను మాస్టారూ" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, కాగితాన్ని ఫైల్లో పెట్టారు.

నెలాఖరున బాబాయ్‌ని ఇంక రావద్దన్నారు. వెళ్ళే ముందు యాసిడ్ తొట్టె ఖాళీ చేసి, తొట్టె కడిగి బోర్లించి, పలకలన్నీ ఆరబెట్టి బీరువాలో సర్దాడు. నా బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు, ఏదో రాస్తున్నట్టు ఉండిపోయాను.

"నావల్ల నీ పని సెడిపోనాది. ఏటనుకోకమ్మా" అన్నాడు.

తప్పు తనదేనని నా మాట మీద నమ్మేశాడు. చదువుకున్నది చెప్పింది కదా, అబద్ధమెందుకు చెబుతుంది అనుకున్నాడు. నేను "సరే బాబాయ్" అన్నాను. ఆ రెండు మాటలే. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తర్వాత జరిగిందే అసలు అన్యాయం. అంకెలు బాగుపడ్డాయి. పూలు తెచ్చేవాడు లేడు కాబట్టి శుక్రవారం పూజ ఆగిపోయింది. పూజ లేదు కాబట్టి నేను కర్పూరం కొనలేదు. కానీ అంకెలకీ దానికీ సంబంధం ఉందని అప్పుడు మాకెవరికీ తోచలేదు. పలకలు నేనే కడిగాను, రెండు వారాలకి బొట్టు చక్కగా పరుచుకుంది, పొడి మళ్ళీ మునుపటంత పులుపు చూపించింది. "చూశావా, నువ్వన్నదే నిజం" అన్నారు మాస్టారు. పై ఆఫీసు పెద్దలు వచ్చారు, మెచ్చుకున్నారు, పోస్టులు మంజూరయ్యాయి. అటెండరుగా పై ఆఫీసులో ఎవరిదో చుట్టాలబ్బాయి చేరాడు. నాకు జీతం పెరిగింది. ఒకటి రెండు సార్లు బాబాయ్ గుర్తొచ్చాడు, పాపం అనుకున్నాను. పాపం అనుకోవడానికి ఏం ఖర్చవుతుంది?

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ పరిశోధనశాల మూతపడింది, మాస్టారు పోయారు. స్టీలు ప్లాంటు పనులు జోరుగా సాగే రోజులవి. గాజువాక దారిలో ఎక్కడ చూసినా లారీలూ, కొత్త షెడ్లూ. అక్కడ ఒక చిన్న రంగుల కంపెనీలో పరీక్షల గదికి నన్ను పెద్దని చేశారు. మళ్ళీ అవే బొట్లు, అవే పొడులు. నా కింద ఇద్దరు ఆడపిల్లలు పనిచేసేవాళ్ళు. పాత అలవాటు కొద్దీ ఇక్కడ కూడా బీరువాలో బల్బు పెట్టించాను.

ఆ ఏడు దసరాకి ఆయుధపూజ ఘనంగా చేశాం. పండగ వెళ్ళిన వారానికి పలకల మీద బొట్టు ఉబ్బి కూర్చుంది. పలకలు కడిగే పిల్ల మీద నోరు చేసుకున్నాను. "చేతులకి ఏం రాస్తున్నావే?" అని అడిగాను. ఆ పిల్ల, "ఏటీ రాయలేదు మేడమ్" అని ఏడుపు మొదలుపెట్టింది. చేతులు చూపించమన్నాను. శుభ్రంగా ఉన్నాయి. వేరే పలకలు తీద్దామని బీరువా తలుపు లాగాను. ఘుమ్మంది.

అక్కడే నిలబడిపోయాను. పూజలో మిగిలిన కర్పూరం ఆ పిల్లే పొట్లం కట్టి పాడవకుండా లోపల పెట్టింది. పొట్లం విప్పితే అడుగున కాస్త పొడి మిగిలి ఉంది. హారతి కర్పూరంలా హరించుకుపోయింది అని రోజుకి పదిసార్లు అంటాం. హరించుకుపోయి ఎక్కడికి పోతుందో అడగాల్సిన చదువు నాది. బల్బు వేడికి ఆవిరై, పక్కనే ఉన్న గాజు మీదా మట్టి మీదా పేరుకుంటుంది. పొడిలో పులుపు ఉన్న చోట్లనే వెతుక్కుని అతుక్కుంటుంది, పులుపు చచ్చిపోతుంది. గాజు నీటిని లాక్కోవడం మానేస్తుంది. మూడు రోజులు కూర్చుని పరీక్ష చేశాను. ఒక డబ్బాలో కర్పూరంతో పలకలు, ఇంకో డబ్బాలో కర్పూరం లేకుండా. ఆముదం రాసుకున్న చేతులు కుంకుడుకాయతో కడుక్కుని, చిమటాతో పట్టుకున్న పలకలు కూడా పెట్టాను. ఆముదం చేతుల పలకల మీద నీళ్ళు పొరలా పరుచుకున్నాయి. బాబాయ్ చెప్పినట్టే. కర్పూరం డబ్బాలోవి మాత్రం చెడిపోయాయి.

ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. పొట్లం తరిగిపోతోందని ఆయన్నే అనుమానించడం గుర్తొచ్చి, సిగ్గుతో ఏడుపొచ్చింది. ఇంట్లో వాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగితే తలనొప్పని చెప్పాను.

ఆదివారం కంచరపాలెం వెళ్ళాను. వీధి పేరు తెలియదు. రైల్వే గేటు దగ్గర టీ కొట్లో అడిగాను, ఇంకెవరినో అడగమన్నారు. పట్టాల వెంబడి మూడు సందులు తిరిగాక ఒక ముసలామె, "యాసిడ్ సేతులాయనేటి? సోడాల షెడ్డులో ఉంటాడు" అని చూపించింది. గోలీసోడాలు తయారుచేసే రేకుల షెడ్డు. తొట్టె ముందు పీట మీద కూర్చుని సీసాలు కడుగుతున్నాడు. తల పూర్తిగా నెరిసిపోయింది. కడిగిన సీసాని వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెడుతున్నాడు.

నన్ను చూసి వెంటనే పోల్చుకున్నాడు. లేచి పంచెకి చేతులు తుడుచుకున్నాడు. "ఓలమ్మ, మేడమ్‌గారే! బాగున్నారేటమ్మా? కూకోండి" అని పీట జరిపి, ఒక సోడా కొట్టి ఇచ్చాడు. సోడా సగం తాగి, మొత్తం చెప్పేశాను. కర్పూరం, బీరువా, బల్బు, నేను రాసిన కాగితం, అందులోని రెండో వాక్యం. ఏదీ దాచలేదు. పొట్లం గురించి అనుమానపడ్డ సంగతి కూడా చెప్పాను.

ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. తర్వాత, "మరి నాను ఎల్లిపోనాక బొట్టు బాగైపోనాదన్నారు కదా. అదెలాగమ్మా?" అని అడిగాడు. పూజ ఆగిపోయిందని చెప్పాను. "ఔను, పూలు నానే కదా తెచ్చీవోడ్ని" అన్నాడు. అర్థమైంది ఆయనకి. నాకు ఎనిమిదేళ్ళు పట్టింది, ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"అయితే నూనె కాదు" అన్నాడు.

"కాదు బాబాయ్. నీ తప్పేమీ లేదు. తప్పంతా నాది" అన్నాను. నాలో ఏదో బరువు దిగుతున్నట్టు అనిపించింది. నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో నాకు కాస్త హాయిగా కూడా ఉంది. పాత ఆఫీసు వాళ్ళకి ఉత్తరం రాస్తానన్నాను, మా కంపెనీలో పని ఇప్పిస్తానన్నాను. ఆయన అవేవీ విన్నట్టు లేదు. తొట్టెలో నీళ్ళకేసి చూస్తున్నాడు.

"నూనె నాను రాసుకునీవోడ్ని కాదమ్మా" అన్నాడు చివరికి. "మా ఇంటిది రాసీది. తెల్లారగట్ట బొగ్గుకెల్లే ముందల నన్ను లేపి కూకోబెట్టి, ఒకో ఏలూ పట్టుకునీ రాసీది. వొద్దే, ఆలీసమైపోతాదే అంటే ఇనీది కాదు. పని పోనాదని ఇంటికెల్లిన రోజు దానితో అన్నాను, నీ నూనే నా ఉద్యోగం తినీసినాదని. కొట్టినాను కూడా. ఆ యేల నుంచి అది నా సెయ్యి ముట్టుకోలేదు. తర్వాత ఇంట్లో ఏ లోటొచ్చినా అదే మాట అనీవోడ్ని. ఎనిమిదేళ్ళు అన్నానమ్మా. అది ఎప్పుడూ ఎదురు సెప్పలేదు. నిజమే గావాలనుకున్నాది."

ఆమె ఎక్కడుందని అడగబోయాను. ఆయనే చెప్పాడు.

"పోయిన వానల్లో పోనాది. పోయీ ముందల కూడా నన్ను సూసి అన్నాది, నావల్ల నీకు పర్మనెంటు రాలేదు, ఏటనుకోకు అని. నాను ఊరుకున్నాను. ఏటనుకోనులే అని ఒక్కమాట అనలేదు."

వెనక పట్టాల మీద గూడ్సు పోతోంది. నేను ఆయన చెయ్యి పట్టుకోబోతే మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "అది ఉండగా వొచ్చి ఉంటే ఆ సోడా దాని సేతే ఇప్పిద్దును. ఇన్నాళ్ళూ తప్పు దానిదని కాలచ్చేపం సేసినాను. ఇప్పుడు నాను ఎవుల్ని అనాల?"

నన్నే అను బాబాయ్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, పీట మీద కూర్చుని, తొట్టెలోంచి ఇంకో సీసా తీశాడు. నేను ఇంకాసేపు నిలబడి, మిగిలిన సోడా అక్కడే పెట్టేసి, గేటు దాటి బస్సెక్కాను.